మీ ప్రశ్న – నా జవాబు: ఉచితంగా ఇచ్చిన పనిముట్టుకు డబ్బు అడగవచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. మాది కందుకూరు దగ్గర పల్లె. పదహారేళ్ళుగా బెంగళూరులో, కె.ఆర్. పురంలో ఉంటున్నాను. పగలు ఒక కంపెనీలో ఉద్యోగం, రాత్రి పది దాటాక నా సొంత పని. అను, శ్రీలిపి వంటి పాత పద్ధతి ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా కనబడే ఉమ్మడి పద్ధతిలోకి, మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి 2018లో రాశాను. మా నాన్నగారి హరికథల ఫైళ్ళు కొత్త కంప్యూటర్లో అర్థంలేని అక్షరాలుగా కనబడుతుంటే చూడలేక మొదలుపెట్టిన పని అది. తరువాత మూలంతో (సోర్స్ కోడ్‌తో) సహా జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశాను. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు.

ఇప్పుడు దాన్ని విజయవాడ, హైదరాబాదు, చెన్నై ప్రెస్సుల వాళ్ళు, రెండు మూడు పత్రికల వాళ్ళు రోజూ వాడుతున్నారు. చూసుకునేది మాత్రం నేనొక్కడినే. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌కు కొత్త రూపం వచ్చినప్పుడల్లా నాది ఎక్కడో ఒకచోట చెడుతుంది. దీపావళి ప్రత్యేక సంచికల రోజుల్లో రాత్రి పదకొండుకు ఫోన్లు వస్తాయి. సర్వరు అద్దె నెలకు 1,400 రూపాయలు. విండోస్‌లో తెలియని ప్రోగ్రాము అనే హెచ్చరిక రాకుండా ఉండాలంటే సర్టిఫికెట్ కొనాలి, గడువు తీరినప్పుడల్లా మళ్ళీ కొనాలి. మా పాప నాలుగో తరగతి. ఆదివారాలు తనతో గడిపి చాలా కాలమైంది.

నిరుడు "సహాయం చేయండి" అని ఒక బొత్తం, క్యూఆర్ కోడ్ పెట్టాను. పదకొండు నెలల్లో తొమ్మిది మంది కలిసి 2,310 రూపాయలు పంపారు. ఒక ప్రెస్సు యజమాని "ఉచితమని అలవాటు చేసి ఇప్పుడు చెయ్యి చాపుతున్నావా" అని రాశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి బొత్తం తీసేశాను. అడగడానికి సిగ్గెందుకు అంటుంది నా భార్య. విద్యను అమ్ముకోకూడదంటుంది మా అమ్మ. అడగవచ్చా? అడిగితే ఎలా అడగాలి?

– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, బెంగళూరు

జవాబు: అడగండి. అయితే ఆ బొత్తాన్నే మళ్ళీ పెట్టమని చెప్పను. ఈసారి ఉత్తరం రాసి అడగండి. నా సంగతి కొంత చెప్పకుండా దీనికి జవాబు రాయలేను, ఓపిక పట్టండి.

1994 నుంచి 2011 దాకా చెన్నై ట్రిప్లికేన్‌లో నాకు డి.టి.పి. కేంద్రం ఉండేది. పెళ్ళి పత్రికలు, స్తోత్రాల పుస్తకాలు, తెలుగు సంఘాల వార్షికోత్సవ సంచికలు మా దగ్గర తయారయ్యేవి. అప్పటి ఫాంట్లలో తెలుగు అక్షరం అంటూ ఏదీ లేదు, అక్షరపు ముక్కలు ఉండేవి. తలకట్టు ఒక ముక్క, ఏత్వం ఒక ముక్క, కింద ఒత్తు మరో ముక్క. మకారం చివరి కొమ్ము కూడా విడి ముక్కే. ఆ ముక్కలు ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో దాక్కుని ఉండేవి. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త కనబడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటిచ్చారు, 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా మా ప్రెస్సుల లోకం పాత దారిలోనే నడిచింది. ఆ పదిహేడేళ్ళలో నేను టైపు చేసిన వేల పేజీలు ఇవాళ్టి ఏ వెతుకులాటకూ అందవు.

మూడేళ్ళ క్రితం పెరంబూరు నుంచి ఒక రిటైర్డు తెలుగు మాస్టారి కూతురు మా ఇంటికి వచ్చారు. 1998లో నేనే టైపు చేసిన ఆయన ఆత్మకథ, 212 పేజీలు, సీడీలో తెచ్చారు. ఆయన లేరు. మనవలు ఫోనులో చదువుకోవాలని ఆమె కోరిక. మళ్ళీ టైపు చేస్తే నాకు నెల పడుతుంది. ఒక ఉచిత పనిముట్టుతో నాలుగు నిమిషాల్లో మారింది. ఋకారం దగ్గర, ఒకటి రెండు సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లాయి, దిద్దుకున్నాను. ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చారు. కృతజ్ఞత అంతా నాకే దక్కింది. ఆ పనిముట్టు రాసిన మనిషి ఎవరో నేను వెతకలేదు, ఒక్క రూపాయి పంపలేదు. అది మీదో కాదో నాకు తెలియదు. మీ ఉత్తరం చదివిన దగ్గర నుంచి ఆ నాలుగు నిమిషాలే గుర్తుకొస్తున్నాయి.

మీ అమ్మగారి మాట ముందు తీసుకుందాం, ఎందుకంటే మిమ్మల్ని ఆపుతున్నది ఆ ప్రెస్సు యజమాని కాదు, ఆ మాటే. విద్యను మీరు అమ్మలేదు. ఇచ్చేశారు, మూలంతో సహా. మా తాతగారి ఊరు మదనపల్లె పక్కన. అక్కడ చెరువు నీళ్ళకు వెల ఉండేది కాదు. కానీ రాత్రి పూట లాంతరు పట్టుకుని కాలువ వెంట తిరిగి, గండి పడితే పూడ్చి, వంతు ప్రకారం మళ్ళు తడిపే నీరుగంటి ఒకడు ఉండేవాడు. పంట నూర్చిన రోజు కళ్ళంలో అతనికి మేర కొలిచేవారు. అది దానమని ఎవరూ అనలేదు, అతను చేయి చాపాడనీ అనలేదు. రాశి ఇంటికి చేర్చే ముందే అతని భాగం తీసి పెట్టేవారు. పంట పండనివాడిని అడిగేవారు కాదు. మీ సాఫ్ట్‌వేర్ చెరువు అయితే, రాత్రి పదకొండుకు మీరు ఎత్తే ఫోను ఆ లాంతరు. చెరువును ఉచితంగా ఇచ్చినవాడు కాపలా కూడా జీవితాంతం ఉచితంగా కాయాలని ఎక్కడా లేదు.

లైసెన్సులోనూ లేదు. జీపీఎల్ మొదటి రూపం 1989లో వచ్చింది. పంచినందుకు, భరోసా ఇచ్చినందుకు రుసుము తీసుకోవచ్చని అందులో ఉంది. తీసుకున్నవాడికి మూలం, మార్చుకునే హక్కు దక్కాలి, అంతే. ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకే రెండర్థాలు ఉండటం వల్ల ఈ తికమక. మనకు స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. మీరు ఇస్తానన్నది మొదటిది, వాళ్ళు అలవాటు పడింది రెండోదానికి.

ఇక, అడిగితే ఇస్తారా అని. జర్మనీలో వెర్నర్ కోఖ్ అనే ఆయన ఈమెయిల్ ఉత్తరాలను పరాయివారు చదవకుండా కాపాడే జీఎన్‌యూ ప్రైవసీ గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1997లో మొదలుపెట్టి, చాలా ఏళ్ళు దాదాపు ఒక్కరే మోశారు. ప్రపంచమంతా విలేఖరులు, భద్రతా నిపుణులు దాని మీద ఆధారపడ్డారు. ఆయనకు మాత్రం ఇల్లు గడవడం కష్టమై, 2013లో మానేద్దామనుకున్నారు. 2015 ఫిబ్రవరిలో ప్రోపబ్లికా అనే అమెరికా వార్తా సంస్థ ఆ పరిస్థితి గురించి రాసింది. ఆయన ఎప్పటి నుంచో అడుగుతున్న మొత్తం ఆ వెంటనే సమకూరింది. ఫేస్‌బుక్, స్ట్రైప్ సంస్థలు చెరో 50,000 డాలర్లు ఏటా ఇస్తామన్నాయి. అంతకు ముందు ఇవ్వనివారు చెడ్డవారు కారు. దాని వెనక ఒకే మనిషి ఉన్నాడని, అతను అలసిపోయాడని వాళ్ళకు తెలియదు. మీ వాడుకరులకూ తెలియదు. మీరు ఒక కార్యాలయమని, అందులో మనుషులు ఉంటారని వాళ్ళు అనుకుంటున్నారు. కాకపోతే రాత్రి పదకొండుకు అంత ధీమాగా ఫోను చేయరు.

అడగకుండా అలసిపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌ను చాలా ఏళ్ళు ఒకే వ్యక్తి చూసుకున్నారు. లినక్స్ సర్వర్లలో అది దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. మానసికంగా బాగాలేదని, ఇది జీతం లేని పని అని 2022లో ఆయనే రాశారు. వాడేవాళ్ళ నుంచి వచ్చింది తొందర మాత్రమే. ఆ సమయంలో సాయం చేస్తానని వచ్చిన ఒక అపరిచితుడు నమ్మకం సంపాదించి, 2024లో అందులో దొంగదారి పెట్టాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు అనుమానించి తవ్వబట్టి, ఆ మార్చి నెలాఖరులో బయటపడింది. ఒంటరి మనిషి అలసట అతని ఇంటి సమస్యగా మాత్రమే మిగలదు. మీ ప్రెస్సుల వాళ్ళకు ఇది చెప్పడం బెదిరింపు కాదు.

ఇప్పుడు ఎలా అడగాలో. "సహాయం చేయండి" అనే మాట తీసేయండి. ఆ మాట చూడగానే చదివేవారికి వరద బాధితులు గుర్తుకొస్తారు, యాభయ్యో వందో పంపి తృప్తి పడతారు, లేదా చిరాకు పడతారు. 'విరాళం' అని కూడా వద్దు. విరాళమంటే ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు అడుగుతారు, అది అనుమతి పొందిన ట్రస్టుల వంటివి మాత్రమే ఇవ్వగలవు. ప్రెస్సుల వాళ్ళకు బాగా తెలిసిన మాట ఒకటి ఉంది, ఏ.ఎం.సి., అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం. ప్రింటర్లకు, జిరాక్స్ యంత్రాలకు ఏటా వాళ్ళు కట్టేదే. అదే మాట వాడండి. ఏడాదికి ఇంత అని అంకె చెప్పండి. మనవాళ్ళు "మీకు తోచినంత" అంటే ఇబ్బంది పడతారు. ఎంతిస్తే తక్కువవుతుందో తెలియక అసలే ఇవ్వరు. దాన్ని వాడి సంపాదించే ప్రెస్సుకు ఏడాదికి 3,000 రూపాయలు అనండి. అంటే నెలకు 250. తండ్రి కవితలు మార్చుకునే కొడుకు దగ్గర ఏమీ అడగవద్దు. మీరు మొదలుపెట్టింది అలాంటి కొడుకుగానే.

ఉత్తరం ఇలా ఉండవచ్చు, మీ మాటల్లోకి మార్చుకోండి:

"నమస్కారం. మీరు వాడుతున్న ఈ సాఫ్ట్‌వేర్‌ను ఏడేళ్ళుగా నేనొక్కడినే రాసి, చూసుకుంటున్నాను. నాకు వేరే ఉద్యోగం ఉంది, ఇది రాత్రుళ్ళు చేసే పని. నిరుడు మీ నుంచి వచ్చిన ఇన్ని సమస్యలు సరిచేశాను. సర్వరుకు, సర్టిఫికెట్‌కు నా జేబు నుంచి ఇంత అయింది. ఇది ఎప్పటిలాగే అందరికీ ఉచితం, ఏ సౌకర్యానికీ తాళం వేయను. కానీ దీనితో వ్యాపారం నడిపే సంస్థలు ఏడాదికి 3,000 రూపాయలు నిర్వహణ రుసుముగా చెల్లించాలని కోరుతున్నాను. ఇరవై సంస్థలు చెల్లిస్తే ఖర్చులు పోను నెలకు రెండు శనివారాలు దీనికే కేటాయించగలను. బిల్లు ఇస్తాను. చెల్లించిన వారి సమస్య ముందు చూస్తాను."

ఆ ఇరవై అనే అంకె ముఖ్యం. ఎంత వస్తే ఏమి చేస్తారో తెలిస్తే ఇచ్చేవాడికి తన డబ్బు ఎక్కడికి పోతోందో కనబడుతుంది. ఎన్ని చేరాయో ప్రతి మూడు నెలలకూ రాయండి. ఆరే వస్తే ఆరని రాయండి.

ఎప్పుడు అడగాలన్నది కూడా ఉంది. తెరిచిన ప్రతిసారీ అడ్డంగా నిలబడే పెట్టె పెట్టకండి, పనిలో ఉన్నవాడికి ఒళ్ళు మండుతుంది. మార్పిడి పూర్తయిన చోట, "212 పేజీలు మారాయి" అని చూపించే ఆ వరుస కిందే, రెండు వాక్యాలు పెట్టండి. నేను ఆ వరుస చూసి పొంగిపోయిన క్షణంలో ఎవరైనా అడిగి ఉంటే 3,000 కాదు, ఇంకా ఎక్కువే ఇచ్చేదాన్ని.

డబ్బు వచ్చే దారి సులువుగా ఉండాలి. గిట్‌హబ్ స్పాన్సర్స్ (2019లో మొదలైంది), లిబెరాపే, ఓపెన్ కలెక్టివ్ వంటి చందా వేదికలు విదేశీ వాడుకరులకు సరే, విజయవాడ గవర్నరుపేట ప్రెస్సు యజమానికి అవి పనికిరావు. కార్డుల నుంచి నెలనెలా డబ్బు దానంతటదే పోయే పద్ధతి మీద రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి గట్టిపడ్డాయి కూడా. ఏడాదికోసారి యూపీఐ, వెంటనే బిల్లు, అంతే. పెద్ద మొత్తం కావాలంటే మీ ఊళ్ళోనే ఒక తలుపుంది. షేర్ల బ్రోకరు జెరోధా సంస్థ 2024 అక్టోబరులో ఫ్లాస్ ఫండ్ అని ప్రకటించింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు ఏటా పది లక్షల డాలర్లు, ఒక్కో ప్రాజెక్టుకు 10,000 నుంచి 1,00,000 డాలర్ల వరకు. అవసరాల వివరం ఒక నిర్ణీత రూపంలో ఫైలుగా రాసి, మీ ప్రాజెక్టులో పెట్టి దరఖాస్తు చేయాలి. ఎక్కువమంది ఆధారపడే ప్రాజెక్టులనే చూస్తారు కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోకండి, కానీ రాయండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంఘమైన ఫాస్ యునైటెడ్ సమావేశాలు బెంగళూరులో జరుగుతుంటాయి, ఒకసారి వెళ్ళి కూర్చోండి. మీలాంటి ఒంటరి మనుషులు అక్కడ కనబడతారు.

ఒక్క రూపాయి తీసుకునే ముందు మీ ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి. బయటి ఆదాయానికి రాతపూర్వక అనుమతి కావాలని చాలా కంపెనీల ఒప్పందాల్లో ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా రాసిందంతా కంపెనీదే అనే వాక్యం కూడా కొన్నిటిలో ఉంటుంది. అనుమతి అడిగి, కాగితం దగ్గర పెట్టుకోండి. వచ్చిన డబ్బును ఆదాయంగా చూపండి, ఏ ఫారంలో అన్నది ఆడిటరును అడగండి. సేవల మీద రాబడి ఏడాదికి 20 లక్షలు దాటనంత వరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు.

ఫోను సంగతి. ఇది డబ్బుకంటే ముందు చేయండి. రాత్రి తొమ్మిది తరువాత ఎత్తకండి. ఉత్తరంలోనే రాసేయండి, సమస్యలు రాతలో పంపాలని, శనివారం చూస్తానని. నా కేంద్రం మూసేనాటికి నా మెడ నరాలు పాడై ఉన్నాయి. దీపావళి సంచికల రోజుల్లో రాత్రంతా కూర్చున్న పదిహేడేళ్ళు అవి. ఆ సంచికలు ఒక్క రోజు ఆలస్యమైనా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. మీ పాప మాత్రం నాలుగో తరగతిలో ఈ ఒక్క ఏడాదే ఉంటుంది.

చెయ్యి చాపుతున్నావా అని రాసిన పెద్దమనిషికి జవాబు బాకీ ఉన్నారు మీరు. కోపం వద్దు. "అవునండీ, చెల్లించమని అడుగుతున్నాను. చెల్లించకపోయినా మీ దగ్గర ఉన్నది పని చేస్తూనే ఉంటుంది" అని రాయండి. అతను ఇవ్వకపోవచ్చు. మిగతావాళ్ళలో కొందరు ఇస్తారు.

ప్రశ్న: మాది చెన్నై జార్జిటౌన్‌లో చిన్న ప్రెస్సు. ముగ్గురం పని చేస్తాం. మేం వాడే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఏడాదికి రుసుము కట్టమంటున్నారు. కట్టకపోయినా పని చేస్తుంది. మరి ఎందుకు కట్టాలి? కడితే లెక్కల్లో ఏమని రాయాలి?

– ఒక ముద్రాపకుడు

జవాబు: ఇదీ అదే వారం టపాలోనే వచ్చింది. మీరిద్దరూ ఒకరికొకరు తెలుసేమో అని కూడా అనిపించింది.

ఎందుకంటే, అది పని చేయడం మానేసే రోజు మీ చేతిలో లేదు. వచ్చే ఏడాది మీ కంప్యూటర్ మారుస్తారు, పేజీల సాఫ్ట్‌వేర్ మారుతుంది, ఆ రోజు దాన్ని సరిచేయడానికి ఒక మనిషి ఉండాలి. మూలం బయటే ఉంది కదా, ఇంకెవరైనా చేస్తారులే అనుకోవచ్చు. తెలుగు ఒత్తుల సంగతి, పాత ఫాంట్ల సంగతి, ప్రోగ్రాము రాయడం, ఈ మూడూ తెలిసినవాళ్ళు మీకు ఎంతమంది తెలుసు? నా పదిహేడేళ్ళలో నాకు ఇద్దరు తగిలారు.

లెక్కల్లో సాఫ్ట్‌వేర్ నిర్వహణ ఖర్చు అని రాయండి, బిల్లు జత చేయండి. మీ ప్రింటరు ఏ.ఎం.సి. ఏ పద్దులో రాస్తారో అందులోనే. చేతిలో డబ్బు ఆడని ఏడాది అయితే కట్టలేనని నిజం చెప్పి, తప్పు వచ్చిన పేజీలను ఫాంటు పేరుతో సహా పంపండి. "పని చేయడం లేదు" అని ఫోనులో అరవడానికి, తప్పు వచ్చిన పేజీ పంపడానికి చాలా తేడా ఉంది. రెండోది ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడికి ఒక రాత్రి మిగులుస్తుంది.

మొదటి ఉత్తరం చదివాక నేను వాడే పనిముట్టు పేజీ తెరిచి చూశాను. చివర చిన్న అక్షరాల్లో యూపీఐ వివరం ఉంది, మూడేళ్ళలో ఎన్నడూ అంత కిందికి చూడలేదు. గత మంగళవారం మూడేళ్ళకు కలిపి 9,000 రూపాయలు పంపి, బిల్లు అడిగాను. మర్నాడు ఉదయం బిల్లు వచ్చింది. దాని కింద ఒక ప్రశ్న ఉంది: "మీ 1998 నాటి ఫైళ్ళలో ఋకారం సరిగా వస్తోందా అండీ?" రావడం లేదు. నాలుగు పేజీలు పంపాను.